ఆలస్యానికి కారణం

వనపర్తి,
22 జూన్ 2025

నవ్యకు,

మీ అక్క చివరి రోజు ఎట్లా గడిచిందని పదకొండో రోజు నాడు అడిగావు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఎనిమిదో తారీఖు, ఆదివారం. స్వరూప ఆరింటికి లేచింది. టీ తనే పెట్టింది. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వరండాలో కూర్చొని తను వైద్యం చేసే పిల్లల కాగితాలు రాసుకుంది. మధ్యలో ఖిల్లా ఘణపూర్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. క్యాన్సర్ మందు ఎక్కించాక కొడుక్కి నోరంతా పూసిందట, నీళ్లు కూడా మింగడం లేదట. స్వరూప పది నిమిషాలు మాట్లాడింది. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, వంటసోడా వేసి తిన్న ప్రతిసారీ పుక్కిలించమంది. "కారం పెట్టకు. మెత్తగ వండి సల్లారినంక పెట్టు. బుక్క బుక్కకు బతిమాలకు, వాడే అడుగుతడు" అన్నది. ఫోన్ పెట్టేసి నాతో, "తల్లిని బాగ తిడుతున్నడంట. తిట్టనీకి ఓపిక ఉన్నదంటె భయం లేదు" అని నవ్వింది.

పదిన్నరకు బీరకాయలు తరిగింది. తల నొస్తున్నదన్నది. మాత్ర వేసుకోమన్నాను. తర్వాత అన్నది. నేను హాల్లో పేపర్లు దిద్దుతున్నాను. పదకొండు ముప్పావుకు వంటింట్లో చప్పుడైంది. గిన్నె అనుకున్నాను. రెండు మూడు నిమిషాలకు పోయి చూశాను. కింద పడి ఉంది. పిలిస్తే పలకలేదు.

పక్కింటి పెంటయ్య కారు తీశాడు. ఇక్కడి దవాఖానలో చూసి తలలో నరం చిట్లిందన్నారు, మహబూబ్‌నగర్ తీసుకుపొమ్మని అంబులెన్సు ఇచ్చారు. భూత్పూర్ దాటాక నాడి అందలేదు. అప్పుడు రెండు గంటల ఐదు నిమిషాలు.

తర్వాతిది నీకు తెలుసు.

సోమవారం దహనం నుంచి వచ్చాక మా మేనత్త భీమమ్మ స్వరూప కళ్లజోడు, గడియారం, ఫోను, పని సంచి ఒక చీరలో మూటగట్టింది. మా ఇంట్లో అది పద్ధతి. ఏడాది మాసికం అయ్యేదాకా ముడి విప్పరు. ఫోన్ ఆదివారమే ఆపేశాం.

నా ఫోన్ కూడా ఆపి పెట్టాను. మోగితే ఎత్తలేను. ఏమన్నా ఉంటే ఉత్తరం రాయి. అమ్మను చూసుకో.

శ్రీనాథ్

*

గద్వాల,
27 జూన్

బావకు నమస్తే.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. బీరకాయ దగ్గర ఆపించింది. "పొట్టు పారేసిందా, పచ్చడికి ఉంచిందా?" అని అడిగింది. మీరు రాయలేదు గదా. ఉంచింది అన్నాను. "మరి ఎవరు నూరిండ్రు?" అన్నది. ఇంక నా వల్ల కాలేదు, లేచి వచ్చాను.

నేను ఇరవై మూడు నుంచి డ్యూటీకి పోతున్నాను. వార్డులో తోటి సిస్టర్లు నాకు సూదులు వేసే పని ఇవ్వడం లేదు, కాగితాల పని ఇస్తున్నరు. పొరపాటు చేస్త అనుకుంటున్నరేమో. నేను చెయ్యను.

భీమమ్మ అత్త ఇంకా ఉన్నదా? వంట ఎవరు చేస్తున్నరు? కాలేజీ హాస్టల్ నుంచి క్యారియర్ తెప్పించుకుంటే అక్క ఊరుకోదు. గుర్తుందా, ఆమె ఊళ్లో లేనప్పుడు మీరు నాలుగు రోజులు అటుకులే తింటే, "బాటనీ చెప్పే ఆకుల సారు ఆకులన్న తినలే" అని అందరికీ చెప్పింది.

బావా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. అక్క ఫోన్ నాకు కావాలి. వారం రోజులు చాలు. అందులో ఉన్నవి చూసుకొని భద్రంగా పంపిస్తాను. ఎందుకో ఇప్పుడు రాసి మిమ్మల్ని పరేషాన్ చేయను, కలిసినప్పుడు చెప్తాను.

ఉంటాను.
మీ నవ్య

*

వనపర్తి,
1 జూలై

నవ్యకు,

ఉత్తరం అందింది. పొట్టు ఉంచింది. రెండో రోజు భీమమ్మత్త పారేసింది. అమ్మకు ఇది చెప్పవద్దు.

ఫోన్ ఇవ్వలేను. ముడి విప్పేది లేదు. నాకు ఇటువంటి వాటి మీద నమ్మకం లేదని నీకు తెలుసు. అయినా అత్త కట్టింది, కట్టినట్టే ఉండనీ.

అక్క ఫోటోల కోసం అడిగావని అర్థమైంది. ఆల్బమ్ నుంచి రెండు తీసి ఈ కవర్‌లో పెడుతున్నాను. ఒకటి గద్వాల కోట ముందు మీ ఇద్దరిది, ఇంకోటి ఆమె ఎం.డి. పట్టా తీసుకున్నప్పటిది. ఆమె గొంతు రికార్డు ఏదన్నా అందులో ఉందనుకుంటే, లేదు. ఆమెకు ఆ అలవాటు లేదు.

కాలేజీ తెరిచారు. మొదటి సంవత్సరం పిల్లలకు ఈ వారం పువ్వు భాగాలు చెప్తున్నాను. మందార పూలు కావాలంటే డెబ్బై మంది డెబ్బై తెచ్చారు. ఒకడు అడిగాడు, "సార్, కోసినంక ఇది బతికి ఉన్నట్టా, సచ్చినట్టా?" కొంతసేపు బతికే ఉంటుందని చెప్పాను. క్లాసు అయిపోయింది.

అత్త ఉంది. "నాలుగు ముద్దలు తినురా, నువ్వు ఎండితె ఆమె లేసి వస్తదా" అని రోజూ అంటుంది. తింటున్నాను.

శ్రీనాథ్

*

గద్వాల,
8 జూలై

బావకు నమస్తే.

ఫోటోలు అందినయి. కోట ముందు ఫోటోలో అక్క నా జడ పట్టుకొని గుంజుతున్నది, మీరు ఎప్పుడన్నా గమనించారా? అమ్మ దిండు కింద పెట్టుకుంది.

కాని నేను అడిగింది ఫోటోల కోసం కాదు బావా. తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. మీ ముందు ఆమె పని మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

అక్క చూసే పిల్లలు మూడు జిల్లాల్లో నలభై ఒక్క మంది. ప్రతి ఇంటికీ ఒక పసుపు అట్ట, ఒక థర్మామీటర్ ఇచ్చింది. క్యాన్సర్ మందు ఎక్కించుకుంటున్న పిల్లకు ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఉండదు. మన పిల్లలకు జ్వరం వస్తే మాత్ర వేసి పడుకోబెడతాం, ఆ పిల్లలకు అట్లా చేస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అందుకని జ్వరం నూరు దాటితే మాత్ర వేయకుండా అట్ట మీది నంబరుకు ఫోన్ చేయాలి. అది అక్క నంబరే. ఆమె దగ్గరలో ఉన్న దవాఖానకు చెప్పి గంటలోపు మొదటి ఇంజెక్షన్ వేయించేది, ఆ తర్వాత హైదరాబాద్ పంపించేది. హైదరాబాద్ దాకా పోయి మొదటి ఇంజెక్షన్ వేయించుకుంటే ఆలస్యమైపోతుందనే గదా ఆమె పరిశోధన అంతా.

అక్క పోయినంక ఆ ఇళ్లకు కొత్త నంబరు చెప్పాలి. ఎవరి దగ్గరా పూర్తి పట్టీ లేదు, అక్క ఫోన్లో ఉంటుందని హైదరాబాద్ దవాఖాన నుంచి నన్ను అడిగారు. అందుకని రాసిన. ఇప్పుడు అక్కరలేదు. దవాఖాన రిజిస్టర్లు వెతికి అందరి నంబర్లు తీశారు, నలభై మందికి చెప్పేశారు. మూట విప్పకండి.

నలభై ఒకటో పిల్ల పెబ్బేరులో. పేరు ఉమేరా, ఏడేళ్లు. రక్త క్యాన్సర్. మందు మొదలుపెట్టి తొమ్మిది నెలలు, బాగానే ఉండె. జూన్ తొమ్మిది, సోమవారం మధ్యాహ్నం జ్వరం వచ్చింది. బుధవారం పొద్దున గాని తండ్రి హైదరాబాద్ తీసుకుపోలేదు. అప్పటికే విషం రక్తంలో పాకింది. పదహారున పిల్ల పోయింది.

ఆ తండ్రి తౌసీఫ్. సంతలో పశువులకు మోకులు, గంటలు అమ్ముతడు. మొన్న శుక్రవారం నన్ను వెతుక్కుంటూ మా వార్డుకు వచ్చిండు. అక్క పోయిన సంగతి హైదరాబాద్‌లో ఎవరో ముక్కలు ముక్కలుగా చెప్పిండ్రంట, నమ్మలేదంట. నేను చెప్తే బల్ల మీద కూలబడ్డడు. అప్పుడు అన్నడు, "సిస్టర్, సోమవారం మేడం ఫోన్ మోగింది. మంగళవారం గూడ మోగింది. బంద్ ఉంటె అప్పుడే బిడ్డను ఎత్తుకొని పోతుంటి. మోగుతున్నది గద, మేడం ఏదన్న పనిల ఉన్నది, తనే మల్ల చేస్తది అని కూసున్న. ముందు గూడ గట్లనే చేసింది రెండు సార్లు. మాత్ర గూడ వెయ్యలే, మేడం వద్దన్నది."

నాకు ఒళ్లు మండింది బావా. చనిపోయిన మనిషి మీద పెడుతున్నడు. "ఆదివారమే ఆపేసిండ్రు ఆ ఫోను. మా బావ నాకు ఉత్తరంల రాసిండు. లెక్చరరు, అబద్ధం రాసేటోడు కాదు" అన్న. తన ఫోన్ తీసి చూపియ్యబోయిండు. చిన్న ఫోను, పాత కాల్స్ అందులో నిలవవు. ఏమీ దొరకలేదు. లేచి పోయిండు.

తప్పు అన్ననా? చెప్పండి.

నవ్య

*

వనపర్తి,
12 జూలై

నవ్యకు,

నీ ఉత్తరం అందింది.

స్వరూప పని గురించి నీకు తెలియనిది ఒకటి ఉంది. ఆమె ఈ పని మొదలుపెట్టినప్పుడు జ్వరంతో ఆలస్యంగా వచ్చిన ప్రతి పిల్లకూ ఒక కాగితం నింపేవారు. అందులో "ఆలస్యానికి కారణం" అని ఒక చోటు. మూడు గళ్లు. దూరం, వాహనం లేకపోవడం, తల్లిదండ్రుల నిర్లక్ష్యం. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. మొదటి ఏడాది ముప్పై ఏడు మంది ఆలస్యమైతే ఇరవై మూడింటిలో నిర్లక్ష్యం అని ఉంది.

ఆమె ఆ ఇరవై మూడు ఇళ్లకూ పోయింది. కొన్నింటికి నన్ను తోడు తీసుకుపోయింది. మన్ననూర్‌లో లింగయ్య అని ఒకతను. పులుల అడవి గుండా పోయే రోడ్డు గేటు పొద్దుగూకాక మూస్తారు. జ్వరంతో ఉన్న కొడుకును భుజాన వేసుకొని గేటు ముందు తెల్లారేదాకా నిలబడ్డాడు. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఇంట్లో థర్మామీటర్ పగిలింది, పగలగొట్టిన నాయనమ్మ తిడతారని చెప్పలేదు. ఇంకో ఇంట్లో తల్లికి అంకెలు రావు, భర్త వలస పోయి ఉన్నాడు. ఇరవై మూడింట్లో నిర్లక్ష్యం ఎక్కడా లేదని ఆమె నాతో అన్నది. "క్యాన్సర్‌ను సంపే మందు వేరేటోళ్లు కనిపెడతరు. ఆ మందు వేసుకున్న పిల్లను నిలబెట్టేది నా పని. ఎందుకు పడిపోయిండ్రో అబద్ధం రాసుకుంటె ఎట్ల నిలబెడత?"

కొత్త కాగితంలో ఆ గళ్లు తీసేసింది. నాలుగు ఖాళీ గీతలు పెట్టింది. ఇంటివాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయాలి. మనం నమ్మామా లేదా అన్నది రాయకూడదు. అది ఆమె నియమం.

ఉమేరా కాగితం ఎవరు నింపారు? పాతదా, కొత్తదా? ఏం రాశారు? కనుక్కొని చెప్పు.

ఇక్కడ వాన లేదు.

శ్రీనాథ్

*

గద్వాల,
19 జూలై

బావకు నమస్తే.

నేను అడిగినదానికి మీరు జవాబు రాయలేదు. కాగితం సంగతి రాశారు. బాధలో ఉన్నారు, అడగకుండా ఉండాల్సింది.

కనుక్కున్నాను. అక్క పోయిన వారంలో అక్కడ అంతా గడబిడ. ఎవరో కొత్త డాక్టరు పాత కాగితం తీసి నింపాడట. నిర్లక్ష్యం అని టిక్కు ఉంది. అక్క దగ్గర పని చేసిన డాక్టరమ్మ అది చూసి ఒప్పుకోలేదు, విచారించి కొత్తది రాద్దామన్నది. తౌసీఫ్ మాట రాయబోతే ఒక చిక్కు వచ్చింది. అతను మోగిందంటడు. మీరు ఆపామంటున్నరు.

జూరాల గేట్లు ఎత్తారు. ఇక్కడ అందరూ నీళ్లు చూడడానికి పోతున్నరు. నేను సెలవు పెట్టి పెబ్బేరు పోయిన. పోకుండా ఉండలేకపోయిన, ఆ మనిషిని అట్ల అన్న గద.

ఇంట్లో అతని తల్లి కుల్సుమ్‌బీ ఉన్నది. భార్య పిల్ల పోయిన వారానికే నాగర్‌కర్నూల్ పుట్టింటికి పోయింది. మళ్లీ రానన్నదంట. కుల్సుమ్‌బీ నాకు చాయ్ ఇచ్చింది, కొడుకుకు ఇయ్యలేదు. నా ముందే అన్నది, "నీ చేతుల ఫోనుండె, ఇంటి ముందు రోడ్డుండె. పోరిని ఎత్తుకొని పోనీకి ఏమొచ్చింది రా నీకు? రెండు దినాలు మోగింది మోగింది అని కూసున్నవు. సచ్చిపోయినామె ఫోను మోగుతదా?" తౌసీఫ్ గోడకు ఆనుకొని మోకు పేనుతుండు. "మోగింది అమ్మీ" అన్నడు. అంతే. ఎన్నిసార్లు అన్నా అదే మాట. దవాఖాన కాగితంలో కూడా నిర్లక్ష్యం అనే రాసిండ్రు గదా అని ఆమె చుట్టుపక్కల అందరికీ చెప్పింది. సంతలో అతని దగ్గర నిలబడి మాట్లాడేటోళ్లు లేరంట.

నాకు పాపం అనిపించింది. కాని బావా, అతను ఆ మాట విడువనన్ని రోజులు అక్క మీద మాట ఉంటుంది. మేడం ఎత్తలేదు, అందుకే పిల్ల పోయింది అని. పెబ్బేరులో సగం మంది అదే అనుకుంటున్నరు. బతికినన్నాళ్లు ఆమె ఒక్క ఫోన్ వదల్లేదు. అన్నం కలిపిన చేత్తో ఎత్తేది.

డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. ఫోన్ ఎనిమిదో తారీఖే ఆపేసినట్టు మీరు రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇస్తే చాలంట. ఆయన భర్త, ఆయన మాట మీద కాగితం పూర్తి చేసి మూసేస్తామన్నది. తౌసీఫ్ చేయలేదని తేలిపోతుంది. అతనికి ఎటూ పోయేది పోయింది. అక్క పేరన్నా నిలబడుతుంది.

ఈ కవర్‌లోనే తెల్ల కాగితం పెట్టిన. రాసి పంపండి.

మీ నవ్య

*

వనపర్తి,
24 జూలై

నవ్యకు,

తెల్ల కాగితం తిప్పి పంపుతున్నాను. దాని మీద నువ్వు అడిగింది రాయలేదు.

ఫోన్ ఆపలేదు. ఆదివారం అది ఆమె సంచిలోనే ఉండిపోయింది. సోమవారం అత్త మూటగట్టేటప్పుడు కూడా నడుస్తూనే ఉంది. అత్తకు ఆపడం తెలియదు. నాకు తెలుసు. నేను పక్కనే కూర్చొని ఉన్నాను.

మూడున్నరకు మోగింది. స్వరూప పసుపు అట్టల వాళ్లకు వేరే మోత పెట్టుకుంది. సైకిల్ గంట మోత. అది మోగితే ఎంత పనిలో ఉన్నా లేచేది. ఎనిమిదేళ్లుగా వింటున్నాను. ఎవరో ఒక పిల్లకు జ్వరమని నాకు తెలిసింది.

లేవలేదు.

అత్త వచ్చి, "ఫోన్ మోగుతున్నది రా" అన్నది. "మోగనీ" అన్నాను. మళ్లీ మోగింది. సాయంత్రం మోగింది. మంగళవారం పొద్దున మోగింది. రాత్రి పదింటికి మోగి, మధ్యలో ఆగింది. చార్జింగ్ అయిపోయింది. ఆగినందుకు నాకు నిమ్మళంగా అనిపించింది. ఇది కూడా రాయాలి గనక రాస్తున్నాను.

ఎందుకు లేవలేదో నెలన్నరగా ఆలోచిస్తున్నాను. ఎత్తితే ఆమె లేదని నా నోటితో చెప్పాల్సి వస్తుందని కావచ్చు. అది కూడా ఇప్పుడు కూర్చుకున్న కారణమే. ఆ రోజు ఏమీ అనుకోలేదు. ఎదురుగా గోడకున్న మేకును చూస్తూ కూర్చున్నాను.

నీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆపేశామని రాశాను. రాస్తే అది నిజమవుతుందని అనుకున్నానేమో. నువ్వు దాన్ని తీసుకుపోయి అతని మొహం మీద అంటావని అనుకోలేదు. నువ్వు తప్పు అనలేదు. నేను రాసింది అన్నావు.

నిన్న ముడి విప్పాను. అత్త వద్దన్నది. నేను విప్పుతుంటే బయటికి పోయి కూర్చుంది. ఫోన్ చార్జింగ్ పెట్టాను. "ఉమేరా నాన్న, పెబ్బేరు" అని పద్నాలుగు కాల్స్ ఉన్నాయి. మొదటిది సోమవారం మూడు గంటల ముప్పై రెండు నిమిషాలకు. ఆఖరిది ఆగిపోయే ముందు, మంగళవారం రాత్రి పది గంటల నాలుగు నిమిషాలకు. ఆ తర్వాత కూడా చేసి ఉంటాడు. అవి ఇందులో రావు.

అతను అన్నది ప్రతి మాటా నిజం. మోగింది కనుకనే ఆగాడు. ఆమె చెప్పినట్టే చేశాడు.

సంచిలో ఆమె కొత్త కాగితాలు ఉన్నాయి. ఒకటి తీసి నింపాను. పిల్ల పేరు, ఊరు, జ్వరం వచ్చిన సమయం, మొదటి ఇంజెక్షన్ సమయం. నీ ఉత్తరాల్లో ఉన్నంత మేరకు రాశాను, తెలియనివి వదిలాను. నాలుగు గీతలు ఉన్నాయని చెప్పాను గదా. మొదటి రెండు గీతల్లో తౌసీఫ్ నీతో చెప్పిన మాటలు నువ్వు రాసినవి రాసినట్టే ఎక్కించాను. మిగిలిన రెండింట్లో ఇది రాశాను:

"ఫోన్ మోగింది. ఇంట్లో మనిషి ఉన్నాడు. విన్నాడు. ఎత్తలేదు."

కింద నా పేరు, సంతకం, తేదీ. ఇంటివాళ్ల మాటలు రాసే చోటు అది. అందులో నేను కూడా ఇంటివాణ్నేనని అనుకున్నాను. నకలు డాక్టరమ్మకు ఇవాళే రిజిస్టర్ పోస్టులో పంపాను.

అక్క మీద మాట ఉండదు. అమ్మకు నువ్వు చెప్పేది చెప్పు. దాచమని అడగను.

నిన్ను తోడు పిలవడం లేదు. రేపు పొద్దున ఆరుంబావు బస్సుకు పెబ్బేరు పోతాను. ముందు కుల్సుమ్‌బీని పిలిచి కూర్చోమంటాను. కొడుకు వినేటట్టు ఆమెకు చెప్తాను. ఫోన్ తౌసీఫ్ చేతికిస్తాను. వాళ్లు ఏమన్నా అంటే విని, అక్కడి నుంచే నాగర్‌కర్నూల్ బస్సెక్కి ఆ పిల్ల తల్లి దగ్గరికి పోతాను.

శ్రీనాథ్